కరెన్సీ ట్రేడింగ్ కోర్సు ఎంపిక

ఒక దేశపు డబ్బుతో మరో దేశపు డబ్బును కొని, మారకపు విలువలో వచ్చే తేడా మీద లాభం చూసుకోవడాన్ని కరెన్సీ ట్రేడింగ్ అంటారు. జనం నోట ఇది ‘ఫారెక్స్’. దీన్ని నేర్పుతామనే కోర్సులకు తెలుగులో ఇప్పుడు కొదవ లేదు. యూట్యూబు పాఠాలున్నాయి, టెలిగ్రామ్ గ్రూపులున్నాయి, ఆదివారం హోటల్ హాల్లో పెట్టే సెమినార్లున్నాయి, చౌక వెబినార్‌తో మొదలై ఖరీదైన ‘మెంటర్‌షిప్’ దాకా మెట్లు మెట్లుగా ఎక్కించేవీ ఉన్నాయి. చేరబోయేవాళ్లు మామూలుగా ఫీజెంత, ఎన్నాళ్లు, సర్టిఫికెట్ ఇస్తారా అని అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇక్కడ నేర్పే వ్యాపారాన్ని మన దేశంలో చట్టబద్ధంగా ఎక్కడ చేయవచ్చు? నేర్పేవాడికి డబ్బు ఎటునుంచి వస్తోంది? చాలా కోర్సులు ఈ రెండింటి దగ్గరే తేలిపోతాయి, సిలబస్ దాకా వెళ్లే అవసరం రాదు.

మార్కెట్ పుట్టుక

1944లో బ్రెటన్ వుడ్స్‌లో కుదిరిన ఏర్పాటు ప్రకారం ప్రధాన కరెన్సీల విలువలు డాలరుకు, డాలరు బంగారానికి కట్టుబడి ఉండేవి. 1971 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలరుకు బంగారంతో ఉన్న ముడి విప్పేశాడు. 1973కల్లా పెద్ద దేశాల కరెన్సీలు మార్కెట్లో తేలడం మొదలైంది. రేటు రోజూ మారుతుంటే ఎగుమతిదారుకు భయం, స్పెక్యులేటరుకు అవకాశం. ముందే ఖాయం చేసుకున్న ధరకు తర్వాతి తేదీన కొనే, అమ్మే ఒప్పందాలైన కరెన్సీ ఫ్యూచర్స్ చికాగోలో 1972లోనే మొదలయ్యాయి. అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు 2025 ఏప్రిల్‌లో జరిపిన సర్వే ప్రకారం ప్రపంచ విదేశీ మారక మార్కెట్లో రోజుకు సగటున 9.6 లక్షల కోట్ల డాలర్ల లావాదేవీలు జరుగుతున్నాయి. కోర్సుల ప్రకటనల్లో ఈ అంకెను తరచుగా వాడుకుంటారు, అంత పెద్ద చెరువులో మనకో చెంబు నీళ్లు దొరకవా అన్నట్టు. ఆ లావాదేవీల్లో అత్యధిక భాగం బ్యాంకులు, పెద్ద ఆర్థిక సంస్థల మధ్య జరిగేవన్న సంగతి ప్రకటనలో ఉండదు.

రూపాయి 1993 మార్చి నుంచి మార్కెట్ రేటుతో నడుస్తోంది. సామాన్యుడికి అందుబాటులో ఉండే కరెన్సీ ఫ్యూచర్స్ మాత్రం 2008 ఆగస్టు 29న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో డాలరు–రూపాయి కాంట్రాక్టుతో వచ్చాయి. ఒక లాట్ అంటే 1,000 డాలర్లు. 2010లో యూరో, పౌండు, యెన్‌లను రూపాయితో జత చేశారు. 2018లో యూరో–డాలరు, పౌండు–డాలరు, డాలరు–యెన్ జతలూ చేరాయి.

చట్టం గీసిన గీత

దేశంలో నివసించేవారి విదేశీ మారక లావాదేవీలు 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టం, అంటే ఫెమా, కిందికి వస్తాయి. అనుమతి పొందిన వ్యక్తులతోనే, అనుమతించిన పనుల కోసమే ఆ లావాదేవీలు జరపాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేస్తే రిజర్వు బ్యాంకు అనుమతించిన వేదికల మీద గానీ, గుర్తింపు పొందిన స్టాక్ ఎక్స్ఛేంజీల్లో గానీ చేయాలి. విదేశీ వెబ్‌సైటులో ఖాతా తెరిచి యూపీఐతో డబ్బు పంపి, ఐదువందల రెట్ల లివరేజ్‌తో, అంటే చేతిలోని సొమ్ముకు అన్ని రెట్ల విలువైన ట్రేడ్‌తో, యూరో–డాలరు ఆడటానికి ఇందులో చోటు లేదు. విదేశాలకు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపుకోనిచ్చే సరళీకృత చెల్లింపుల పథకం ఉందిగా అని కొందరు శిక్షకులు సర్దిచెబుతారు. విదేశీ ఎక్స్ఛేంజీలకు, విదేశీ సంస్థలకు మార్జిన్ (ట్రేడ్‌కు పెట్టే హామీ సొమ్ము) కట్టడానికి ఆ పథకం కింద డబ్బు పంపకూడదని అదే నిబంధనల్లో రాసి ఉంది.

రిజర్వు బ్యాంకు 2022 ఫిబ్రవరిలో దీనిమీద బహిరంగంగా హెచ్చరించింది. అదే ఏడాది సెప్టెంబరులో 34 పేర్లతో అప్రమత్తతా జాబితా విడుదల చేసి, తర్వాత దాన్ని పెంచుతూ వచ్చింది. జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని కూడా చెప్పింది. ‘మా బ్రోకరు పేరు ఆ లిస్టులో లేదు సార్’ అనే జవాబుకు అందుకే విలువ లేదు. చూడాల్సింది అనుమతి ఉన్నవారి జాబితా. ఫెమా ఉల్లంఘన రుజువైతే, సొమ్ము ఎంతో తేలిన కేసుల్లో దానికి మూడు రెట్ల వరకు జరిమానా పడవచ్చు. ఆ దెబ్బ తగిలేది ఖాతా తెరిచిన శిష్యుడికి.

చిక్కు ఎక్స్ఛేంజి లోపల కూడా ఉంది. రూపాయితో ముడిపడిన కాంట్రాక్టులను అసలైన విదేశీ మారక బాధ్యత (విదేశీ కరెన్సీలో రావాల్సినదో, కట్టాల్సినదో) ఉన్నవారు నష్టభయం తగ్గించుకోవడానికే వాడాలని రిజర్వు బ్యాంకు 2024 జనవరి ఆదేశంలో తేల్చిచెప్పింది. అది మే 3 నుంచి అమల్లోకి వచ్చింది. 10 కోట్ల డాలర్ల లోపు కాగితాలు చూపనక్కర్లేదు గానీ, బాధ్యత అంటూ ఉండి తీరాలి. కొన్ని బ్రోకరేజీ సంస్థలు ఖాతాదారులను ఆ మేరకు ధ్రువీకరణ కోరాయి. ఎక్స్ఛేంజీల్లో కరెన్సీ వ్యాపారం బాగా పడిపోయింది.

భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసే వ్యాపారి సంగతి చూడండి. కంటైనరు అమెరికా వెళ్లింది, లక్ష డాలర్లు మూడు నెలల్లో రావాలి. ఈలోగా రూపాయి బలపడి డాలరుకు రెండు రూపాయలు తగ్గితే రెండు లక్షలు పోతాయి. ఆయన ఇవాళే 100 లాట్ల డాలరు ఫ్యూచర్స్ అమ్ముకుంటే, అక్కడ పోయేది దాదాపుగా ఇక్కడ వస్తుంది. ఈ మార్కెట్ ఉన్నది ఇలాంటివాళ్ల కోసం. గుంటూరు మిర్చి ఎగుమతిదారుకైనా, చీమకుర్తి గ్రానైట్ వ్యాపారికైనా కరెన్సీ కోర్సు నిజంగా పనికొస్తుంది. డాలర్లతో ఏ సంబంధమూ లేని ఉద్యోగి ‘రోజూ సాయంత్రం రెండు గంటలు ట్రేడ్ చేసి’ సంపాదించడానికి చేరుతుంటే, నేర్చుకున్నదాన్ని చట్టబద్ధంగా వాడుకోవడానికి ఆయనకు చాలా ఇరుకైన చోటే ఉంది. ఈ మాటను మొదటి తరగతిలోనే చెప్పే శిక్షకుడు ఒకరిద్దరు విద్యార్థులను పోగొట్టుకుంటాడు. అలాంటివాడి దగ్గరే చేరాలి.

నేర్పేవాడి రాబడి

కోర్సు ఉచితం అన్నప్పుడే లెక్క అడగాలి. విదేశీ ఫారెక్స్ వేదికలు ఖాతాదారులను తెచ్చిపెట్టేవారికి కమీషన్ ఇస్తాయి, ఆ ఏజెంట్లను ‘ఐబీ’లు అంటారు. శిష్యుడు గురువు ఇచ్చిన లింకుతో ఖాతా తెరుస్తాడు. ఆపైన శిష్యుడు చేసే ప్రతి లాట్ మీదా గురువుకు కొంత ముడుతుంది. శిష్యుడు గెలిచాడా ఓడాడా అన్నది ఆ లెక్కలోకి రాదు, ఎన్నిసార్లు కొని అమ్మాడన్నదే వస్తుంది. మరికొన్ని ఏర్పాట్లలో ఖాతాదారు పోగొట్టుకున్న సొమ్ములోనే ఏజెంటుకు వాటా ఉంటుంది. ఎందుకంటే అలాంటి వేదికలు ఖాతాదారు ఆర్డరును బయటి మార్కెట్‌కు పంపకుండా ఎదుటిపక్షం తామే అవుతాయి, ఆయన నష్టమే వాటికి లాభం. అక్కడ గురువు శిష్యుడికి ఏం నేర్పితే తనకు లాభమో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ‘రోజుకు పది ట్రేడ్లు’ అనే స్కాల్పింగ్ పాఠం ఇలాంటి కోర్సుల్లో ఎందుకంత ముఖ్యమో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది.

ఫీజు తీసుకునే కోర్సుల్లో దారి వేరు. చవక వెబినార్‌లో మూడు గంటలు మాట్లాడి, అసలు రహస్యం ‘అడ్వాన్స్‌డ్ బ్యాచ్’లో ఉందంటారు. అందులో చేరాక ‘వీఐపీ గ్రూపు’ ఉందంటారు. ఆ గ్రూపులో పాఠం ఉండదు, ఇంత దగ్గర కొనండి, అంత దగ్గర అమ్మండి అనే కాల్స్ వస్తాయి. మన దేశంలో మార్కెట్ గురించి పాఠం చెప్పడానికి లైసెన్సు అక్కర్లేదు. డబ్బు తీసుకుని ఫలానాది కొను, ఫలానాది అమ్ము అని చెప్పాలంటే మాత్రం సెక్యూరిటీల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర రిజిస్ట్రేషను ఉండాలి. పెట్టుబడి సలహాదారులకు 2013 నిబంధనలు, రీసెర్చి ఎనలిస్టులకు 2014 నిబంధనలు వర్తిస్తాయి. సలహాదారు నంబరు ‘ఐఎన్ఏ’తో, ఎనలిస్టు నంబరు ‘ఐఎన్‌హెచ్’తో మొదలవుతుంది. ఆ నంబరును సెబీ వెబ్‌సైటులో వెతికితే పేరు కనిపించాలి, అదీ మీకు పాఠం చెబుతున్న మనిషి పేరే కావాలి.

చదువు పేరుతో సలహాలు అమ్మేవారిపై సెబీ కొంతకాలంగా గట్టిగానే ఉంది. 2023 అక్టోబరులో సోషల్ మీడియాలో ప్రసిద్ధుడైన ఒక శిక్షకుడు కోర్సుల ముసుగులో రిజిస్ట్రేషను లేకుండా సలహాలిచ్చాడంటూ, 17 కోట్ల రూపాయలకు పైగా సొమ్మును విడిగా జమ చేయమని ఆదేశించింది. 2025 జనవరి సర్క్యులర్‌లో ఇంకో గీత గీసింది: చదువు మాత్రమే చెప్పేవారు ఏదైనా సెక్యూరిటీ గురించి మాట్లాడేటప్పుడు గడచిన మూడు నెలల ధరలను వాడకూడదు. పాఠానికి పాత చార్టు చాలు. ‘లైవ్ మార్కెట్లో నాతోపాటు ట్రేడ్ చేయండి’ అని ఊరించే కోర్సును ఈ గీత పక్కన పెట్టి చూసుకోవచ్చు.

‘మీ ఖాతా మేమే నడుపుతాం, లాభంలో సగం ఇవ్వండి’ అనేవాడి దగ్గర ఆగనే కూడదు. లాభం వస్తే సగం తీసుకుంటాడు, నష్టం వస్తే ఫోను ఎత్తడు.

రోజుకు 1 శాతం అనే మాట

కోర్సు ప్రకటనల్లో అన్నిటికంటే అమాయకంగా కనిపించేది ‘రోజుకు 1 శాతం చాలు’ అనే వాక్యం. కాగితం మీద పెట్టి చూద్దాం. ఏడాదికి 250 మార్కెట్ రోజులు అనుకుని, రోజూ 1 శాతం చొప్పున లాభాన్ని అసలుకు కలుపుకుంటూ పోతే లక్ష రూపాయలు ఏడాది చివర 12 లక్షలవుతాయి. రెండో ఏడాదికి కోటీ 45 లక్షలు, మూడో ఏడాదికి 17 కోట్ల పైచిలుకు, నాలుగో ఏడాదికి 200 కోట్లు దాటిపోతాయి. ఈ విద్య చేతిలో ఉన్నవాడు ఎండలో బ్యానర్లు కట్టించుకుని, సీట్లు అయిపోతున్నాయని తొందరపెడుతూ, ఐదారు వేల ఫీజు కోసం తిరుగుతాడా?

సాక్ష్యంగా చూపే స్క్రీన్‌షాట్ల సంగతీ అంతే. బ్రౌజరులో పేజీ మీది అంకెలను మార్చి ఫొటో తీయడానికి ఐదు నిమిషాలు పట్టదు. అంకెలు నిజమైనా అది డెమో ఖాతా కావచ్చు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు చేసినవారికి ‘డెమో’ అంటే ఫీజు కట్టకముందు వినే ఉచిత క్లాసు. ఫారెక్స్‌లో డెమో అంటే ఉత్తుత్తి డాలర్లతో ఆడే ఖాతా. ఒకే మాట కావడంతో కొత్తవాళ్లు గందరగోళపడతారు. డెమో ఖాతా బటన్లు నేర్చుకోవడానికి మంచిదే. అయితే అందులో ఆర్డరు అడిగిన ధరకే పూర్తవుతుంది, సొంత సొమ్ము పోతున్నప్పటి గుండెదడ ఉండదు.

స్క్రీన్‌షాట్ పూర్తిగా నిజమే అనుకుందాం. వెయ్యిమంది నాణెం ఎగరేసి నెలకోసారి గెలుపోటములు తేల్చుకుంటే, వరసగా ఆరు నెలలు గెలిచినవాళ్లు పదిహేను, పదహారు మంది ఉంటారు. వాళ్లలో ఒకరు కోర్సు పెట్టవచ్చు. మిగతా తొమ్మిది వందల ఎనభై చిల్లర మంది స్క్రీన్‌షాట్లు ఎవరూ పెట్టరు. కాబట్టి ఒక మంచి నెల చూపితే చాలదు. బ్రోకరు ఇచ్చిన కాంట్రాక్టు నోట్లు, కొన్నేళ్ల లాభనష్టాల స్టేట్‌మెంటు, ఆదాయపు పన్ను రిటర్నులో చూపిన ట్రేడింగ్ ఆదాయం అడగాలి. ఇచ్చేవారు తక్కువే. అడిగినప్పుడు ఎదుటివారి ముఖం ఎలా మారుతుందో గమనించినా కొంత తెలుస్తుంది.

గోడమీది సర్టిఫికెట్ల విషయంలోనూ ఓపిగ్గా చదవాలి. జీఎస్టీ నంబరు, ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉన్నాయంటే సంస్థ ఉందని అర్థం, అంతే. ఐఎస్ఓ 9001 నిర్వహణ పద్ధతులకు సంబంధించింది, ట్రేడింగ్ విద్యకు కాదు. ‘సెబీ ఆమోదించిన ఫారెక్స్ కోర్సు’ అని ఎక్కడైనా రాసి ఉంటే అక్కడితో లేచి రావచ్చు. ప్రైవేటు శిక్షకుల కోర్సులకు సెబీ అలాంటి ఆమోదముద్ర వేయదు.

పాఠంలో ఏముండాలి

కోర్సు లోతు తెలుసుకోవడానికి ఉచిత క్లాసులో ఒక ప్రశ్న వేసి చూడవచ్చు: డాలరు ఫ్యూచర్స్ ధర మామూలుగా నేటి రేటు కంటే ఎందుకు ఎక్కువ ఉంటుంది? ‘రూపాయి పడిపోతుందని మార్కెట్ అనుకుంటోంది’ అనేది తప్పు జవాబు. అసలు కారణం రెండు దేశాల వడ్డీ తేడా. ఉదాహరణకు మన దగ్గర ఏడాది వడ్డీ 6.5 శాతం, అమెరికాలో 4.5 శాతం, డాలరు 90 రూపాయలు అనుకుందాం. 90 రూపాయలు ఇక్కడ ఉంచితే ఏడాదికి 95.85 అవుతాయి. డాలరు అక్కడ ఉంచితే 1.045 అవుతుంది. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే 91.72. ఏడాది తర్వాతి డాలరు ధర ఇంచుమించు అక్కడే ఉండాలి, లేకపోతే బ్యాంకులు రెండు చోట్లా అప్పు–డిపాజిట్ చేసి తేడాను మింగేస్తాయి. ఇది వివరించగలిగిన శిక్షకుడికి కరెన్సీ గురించి తెలుసు. క్యాండిల్‌స్టిక్ బొమ్మలు మాత్రమే గీయగలిగినవాడు షేర్ల పాఠాన్నే పేరు మార్చి చెబుతున్నాడు.

తర్వాత ఖర్చులు. 1,000 డాలర్ల లాట్‌లో ఒక పైసా కదలిక విలువ 10 రూపాయలు. కొన్నప్పుడు 20 రూపాయలు, అమ్మినప్పుడు 20 రూపాయలు బ్రోకరేజీ పోతే, ఒక లాట్ ఆడినవాడికి ధర నాలుగు పైసలు కలిసొచ్చాకే అసలు చేతికి వస్తుంది. పన్నులు, ఎక్స్ఛేంజి రుసుములు ఆపైన. ఈ గుణకారం బోర్డు మీద చేసి చూపని కోర్సు సగం కోర్సే.

లివరేజ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. 10 వేల రూపాయలతో ఐదువందల రెట్ల ట్రేడ్ చేస్తే చేతిలో ఉన్నది 50 లక్షల బరువు. ధర 0.2 శాతం ఎదురు తిరిగితే 10 వేలూ పోతాయి. యూరో–డాలరు ఒక్క పూటలో అంత కదలడం వింతేమీ కాదు. నష్టం ఒక హద్దు చేరగానే ట్రేడ్‌ను ముగించే స్టాప్‌లాస్ ఆర్డరు పెట్టుకుంటే భయం లేదని చెప్పేవారికి 2015 జనవరి 15 గుర్తుచేయాలి. యూరోకు 1.20 ఫ్రాంకుల కంటే ధర తగ్గనివ్వబోమని 2011 నుంచి కాపలా కాసిన స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు ఆ రోజు చెప్పాపెట్టకుండా చేతులెత్తేసింది. నిమిషాల్లో ఫ్రాంకు విలువ ఎగిసిపోయింది. స్టాప్‌లాస్‌లు పెట్టిన చోట కొనేవాడు గానీ అమ్మేవాడు గానీ లేడు. ఎంతో దూరపు ధరల్లో ఆర్డర్లు తెగాయి, కొందరు ఖాతాలో ఉన్నదంతా పోగొట్టుకుని తిరిగి బాకీ పడ్డారు. బ్రోకరేజీ సంస్థలే దివాలా తీశాయి.

ముడిచమురు ధర, అమెరికా ఫెడరల్ రిజర్వు వడ్డీ నిర్ణయాలు, మన రిజర్వు బ్యాంకు డాలర్లు అమ్మి కొనే తీరు, ఏ రోజు లాభనష్టాలను ఆ రోజే సర్దే మార్క్–టు–మార్కెట్ లెక్క, పన్ను ఇవన్నీ పాఠ్యాంశాల్లో ఉండాలి. అవి ఉన్నాయో లేవో పోల్చి చూసుకోవడానికి కొలబద్ద ఒకటి ఉంది. సెబీ 2006లో నెలకొల్పిన జాతీయ సెక్యూరిటీల మార్కెట్ల సంస్థ (నిస్మ్) ‘సిరీస్–1’ పేరుతో కరెన్సీ డెరివేటివ్స్ పరీక్ష పెడుతోంది. 100 మార్కులకు 60 రావాలి, తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది, సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. దాని పాఠ్యపుస్తకం ఉచితంగా దొరుకుతుంది. ఏ కోర్సు సిలబస్ అయినా ఆ పుస్తకపు విషయసూచిక పక్కన పెట్టి చూస్తే డబ్బు దేనికి కడుతున్నామో తెలుస్తుంది. ఇంగ్లీషు ఇబ్బంది లేనివారికి చాలావరకు ఆ పుస్తకమే సరిపోతుంది. తెలుగులో వివరించి, సందేహాలు తీర్చే మనిషికి ఇచ్చేదే న్యాయమైన ఫీజు. పరీక్ష పాసవడం ట్రేడింగ్‌లో గెలుపుకు హామీ కాదని కూడా ఆ మనిషే చెప్పాలి.

గెలిచేదెందరు

షేర్ల ఫ్యూచర్స్–ఆప్షన్లలో 2021–22 నుంచి 2023–24 వరకు ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ 2024లో ప్రకటించింది. అది కరెన్సీ లెక్క కాదు, అయినా పక్కింటి సంగతే. ఐరోపాలో 2018లో నియంత్రణ సంస్థ లివరేజ్‌ను ప్రధాన కరెన్సీ జతలకు 30 రెట్లకు పరిమితం చేసినప్పుడు, ఫారెక్స్ వంటి వాటిలో 74 నుంచి 89 శాతం చిన్న ఖాతాలు నష్టపోతున్నాయని చెప్పింది. బ్రెజిల్ ఆర్థికవేత్తలు అక్కడి సూచీ ఫ్యూచర్స్‌లో 300 రోజులకు పైగా పట్టువదలకుండా డే ట్రేడింగ్ చేసినవారిని పరిశీలిస్తే 97 శాతం మందికి నష్టమే తేలింది. చేస్తూ పోతే వస్తుందన్న మాట ఈత విషయంలో నిజం, ఇక్కడ కాదు. ఈ అంకెలను దాచే కోర్సుకూ, వాటితోనే మొదలుపెట్టే కోర్సుకూ మధ్య తేడాను ఫీజుతో కొలవలేం.

విదేశాల్లోని తెలుగువారు

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉంటున్నవారికి అక్కడి చట్టాలు వర్తిస్తాయి. అమెరికాలో రిటైల్ ఫారెక్స్ చట్టబద్ధమే, ప్రధాన జతలపై లివరేజ్ 50 రెట్లు మించకూడదు. సంస్థ, వ్యక్తి చరిత్రను నేషనల్ ఫ్యూచర్స్ అసోసియేషన్ నడిపే ‘బేసిక్’ జాబితాలో ఉచితంగా చూడవచ్చు. బ్రిటన్‌లో ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ రిజిస్టరు ఉంది. అక్కడివారు చెప్పే కోర్సును ఇక్కడి తమ్ముడికి పంపేటప్పుడే తేడా వస్తుంది. డల్లాస్‌లో ఉన్న అన్నయ్యకు చెల్లిన పద్ధతి విజయవాడలో ఉన్న తమ్ముడికి ఫెమా ఉల్లంఘన కావచ్చు.

డబ్బు పోయాక

డబ్బు బదిలీ చేసి మోసమని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోన్ చేయాలి. గంటల్లో చెబితే సొమ్మును దారిలో ఆపే అవకాశం ఉంటుంది. అనుమతి లేని ఫారెక్స్ వేదికల గురించి రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లోనూ, సెబీ రిజిస్ట్రేషను ఉన్నవారి మీద ‘స్కోర్స్’లోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఇస్తామన్న పాఠం ఇవ్వకుండా ఫీజు తిరిగివ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైను 1915. ఫీజు రసీదు, చాట్లు, డబ్బు వెళ్లిన ఖాతా నంబరు చెరిపేయకుండా ఉంచుకోవాలి. డబ్బు సంస్థ పేరున కాక ఎవరో ముక్కూమొహం తెలియని వ్యక్తి ఖాతాలోకి వెళ్లి ఉంటే అది అద్దెకు తెచ్చిన ఖాతా కావచ్చు. అలాంటి ఖాతా నుంచి ‘లాభం’ అంటూ మీకు తిరిగొచ్చిన సొమ్ము కూడా వేరే బాధితుడిదై ఉండి, ఏ రాష్ట్రం పోలీసులో మీ బ్యాంకు ఖాతాను స్తంభింపజేయవచ్చు.

ఇది జరిగిన కొన్ని వారాలకు ఇంకో ఫోను వస్తుంది. పోయిన డబ్బు రాబట్టి ఇస్తామని, ముందు కొంత ప్రాసెసింగ్ రుసుము కట్టాలని అంటారు. నష్టపోయినవారి నంబర్ల జాబితా కూడా అమ్ముడుపోయే సరుకే.